బొమ్మలో గీయని కండెన్సర్

రాత్రి పదకొండు దాటాక ఉద్దానం వైపు ఏ ఊళ్లోనైనా కొత్తగా స్లాబు వేసిన ఇంట్లో లైట్లన్నీ కట్టేసి పడుకుంటే, మెట్ల దగ్గరున్న ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి పూర్తిగా ఆరిపోదు, సన్నగా మినుకుమంటూనే ఉంటుంది, లేకపోతే ఐదారు సెకన్లకోసారి టక్కున మెరిసి మళ్లీ చీకటైపోతుంది. "ఏటిది, స్విచ్చి కట్టీసినా ఎలుగుతానే ఉంది" అని ఇంట్లో పెద్దావిడ కంగారు పడుతుంది, మీటరు తిరిగిపోయి బిల్లు వచ్చీస్తాదేమో అని ఇంటాయన బెంగపెట్టుకుంటాడు, ఎలక్ట్రీషియన్ వచ్చి బల్బు మారిస్తే కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు అలాగే ఉంటుంది. చాలా ఇళ్లలో బల్బు బాగానే ఉంటుంది, స్విచ్చీ బాగానే ఉంటుంది. గోడ లోపల పైపులో, వైరింగ్ చేసినవాళ్లు పెట్టని కండెన్సర్ ఒకటి తయారై కూర్చుంది, అసలు సంగతి అదే.

కండెన్సర్ అనగానే మనకి సీలింగ్ ఫ్యాన్‌లో ఉండే చిన్న డబ్బా గుర్తొస్తుంది, దాని మీద 2.5 మైక్రో ఫారడ్ అని రాసుంటుంది. దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది చాలా మామూలు సరుకు, సన్నటి లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ పొరలు చుట్టలు చుట్టి ఉంటాయి. రెండు లోహాలు ఎదురెదురుగా ఉండాలి, మధ్యలో కరెంటుని నేరుగా పారనివ్వని పొర ఉండాలి, కండెన్సర్ అవడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఎదురెదురుగా ఉన్న వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్, అంటే ఛార్జ్ పట్టే సామర్థ్యం, పెరుగుతుంది, దూరం తగ్గినా పెరుగుతుంది, మధ్యలో ఉన్న పదార్థాన్ని బట్టి కూడా మారుతుంది, గాలి ఉంటే ఒకటి, పీవీసీ ఉంటే సుమారు మూడు నాలుగు రెట్లు, సర్క్యూట్ బోర్డు చేసే ఫైబర్ గ్లాసు అయితే నాలుగున్నర రెట్లు దాకా, నీళ్లయితే దగ్గర దగ్గర 80 రెట్లు. పది సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న రెండు రేకుల్ని ఒక మిల్లీమీటరు ఎడంగా గాల్లో నిలబెడితే 88 పికో ఫారడ్‌లు వస్తుంది, పికో అంటే మైక్రోలో పదిలక్షో వంతు. ఎవరో కావాలని పెట్టారా, అనుకోకుండా అలా పడ్డాయా అన్నదాంతో దానికి పని లేదు. కాబట్టి పక్కపక్కన ఉన్న ఏ రెండు వైర్లైనా కండెన్సరే, టేబుల్ ఫ్యాన్ బాడీ, దాని లోపలి చుట్ట కండెన్సరే, నేల మీద నిలబడ్డ మనిషి, ఆ నేల కలిసినా కండెన్సరే, అది 100 పికో ఫారడ్‌లు అటూ ఇటూ ఉంటుంది. ఇలా అనుకోకుండా ఏర్పడేదాన్ని ఎలక్ట్రానిక్స్‌లో పారాసిటిక్ కెపాసిటెన్స్ అంటారు, స్ట్రే కెపాసిటెన్స్ అని కూడా అంటారు. సర్క్యూట్ బొమ్మలో అది ఎక్కడా కనపడదు, బోర్డు మీద మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు ఆ మెట్ల బల్బు దగ్గరికి వద్దాం. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉండే టూ వే వైరింగ్‌లో రెండు మూడు వైర్లు ఒకే పైపులో మీటర్ల కొద్దీ ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తాయి, వాటిలో ఒకదాంట్లో ఎప్పుడూ ఫేజ్ ఉంటుంది, ఇంకోటి ఆగిపోయిన బల్బుకి వెళ్లేది. ఇలా పక్కపక్కన నడిచే వైర్ల మధ్య మీటరుకి సుమారు 50 నుంచి 100 పికో ఫారడ్‌లు ఉంటుంది, పది మీటర్లు అనుకుంటే మొత్తం ఒక నానో ఫారడ్ దాకా, అంటే వెయ్యి పికో ఫారడ్‌లు, ఫ్యాన్ కండెన్సర్‌లో 2500వ వంతు. మధ్య పొర కరెంటుని నేరుగా పోనివ్వకపోయినా, ఇంటి సప్లై అటూ ఇటూ మారే ప్రతిసారీ కండెన్సర్ నిండి ఖాళీ అవుతుంది కాబట్టి కరెంటు దాటినట్టే అవుతుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ సప్లైలో ఆ ఒక్క నానో ఫారడ్ గుండా పారే కరెంటు లెక్కేస్తే 72 మైక్రో ఆంపియర్లు వస్తుంది. పాత 60 వాట్ల బల్బు వెలగాలంటే 260 మిల్లీ ఆంపియర్లు కావాలి, అంటే దీనికి 3600 రెట్లు, అందుకే మన అమ్మమ్మల కాలంలో ఈ కండెన్సర్ గోడలో ఉన్నా ఎవరికీ తెలీలేదు. ఎల్‌ఈడీ అలా కాదు, కొద్ది మైక్రో ఆంపియర్లు దొరికినా చీకట్లో కంటికి కనపడేంత వెలుగిచ్చేస్తుంది. కొన్ని బల్బుల్లో డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి కరెంటుని సరిచేసి ఇచ్చే సర్క్యూట్, దాని లోపల చిన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ ఉంటుంది, ఆ దొంగచాటు కరెంటు దాన్ని చుక్కచుక్కగా నింపుతుంది, కొన్ని సెకన్లకి అది నిండగానే డ్రైవర్ లేస్తుంది, ఉన్నదంతా ఒక్క మెరుపులో ఖర్చయిపోతుంది, మళ్లీ మొదటినుంచి నిండడం. ఐదారు సెకన్లకో మెరుపు అలా వస్తోంది.

బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. 230 వోల్టుల్ని 72 మైక్రో ఆంపియర్లతో గుణిస్తే ఒక వాటులో అరవయ్యో వంతు, నెలంతా రాత్రీ పగలూ అలాగే మినుకుమన్నా ఒక యూనిట్‌లో వందో వంతు అటూ ఇటూ. బెంగ పడాల్సింది వేరే ఉంది, చాలామంది దాన్ని చూడరు. వైరింగ్‌లో పొరపాటున స్విచ్ ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పడితే కూడా బల్బు సరిగ్గా ఇలాగే మినుకుమంటుంది, ఎందుకంటే అప్పుడు ఫేజ్ ఎప్పుడూ బల్బు దాకా వచ్చే ఉంటుంది, అక్కణ్ణించి తెగిపోయిన న్యూట్రల్ వైరుకీ తడి గోడకీ మధ్య ఉన్న కెపాసిటెన్స్ గుండా కరెంటు భూమిలోకి దారి చూసుకుంటుంది. మినుకు ఒకటే, ప్రమాదం మాత్రం వేరు, ఆ ఇంట్లో స్విచ్ కట్టేసి బల్బు మార్చబోయిన మనిషి చెయ్యి నేరుగా ఫేజ్ మీద పడొచ్చు. అందుకే మినుకుమనే బల్బు ఉన్న ఇంట్లో ముందు చూడాల్సింది స్విచ్ దేని మీదుందన్నదే. చీకట్లో కనపడడానికి చిన్న ఇండికేటర్ ఉన్న స్విచ్‌లతో కూడా ఇదే వస్తుంది గానీ అది కెపాసిటెన్స్ వల్ల కాదు, ఆ ఇండికేటర్ గుండానే కొంచెం కరెంటు బల్బులోకి పోతుంది. స్విచ్ ఫేజ్ మీదే ఉందని తేలాక మినుకు ఆపడం తేలిక, బల్బుకి సమాంతరంగా 0.1 మైక్రో ఫారడ్ ఎక్స్2 రకం కండెన్సర్ ఒకటి పెట్టిస్తే చాలు, అది గోడలో ఉన్నదానికంటే వంద రెట్లు పెద్దది కాబట్టి 230 వోల్టుల్లో బల్బు వాటాకి రెండున్నర వోల్టులు మించి రాదు, ఆ కాస్త వోల్టేజ్‌కి ఏ డ్రైవరూ లేవదు. మామూలు కండెన్సర్ మాత్రం పెట్టకూడదు, ఎక్స్2 అంటే మెయిన్స్ మీద ఏళ్ల తరబడి ఉండడానికి చేసినది.

ఎలక్ట్రీషియన్లకి ఇదే సంగతి ఇంకో రూపంలో ఎదురవుతుంది. మెయిన్ నుంచి విప్పేసిన వైరు చివర డిజిటల్ మల్టీమీటర్ పెడితే 80 అనో 110 అనో చూపిస్తుంది, ఎక్కడా కలవని వైరులో అన్ని వోల్టులు ఎలా వచ్చాయని గోడంతా తవ్వించినవాళ్లు కూడా ఉంటారు. మీటర్ అబద్ధం చెప్పట్లేదు. దాని లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్‌లు, ఒక నానో ఫారడ్ 50 హెర్ట్జ్ దగ్గర ఇచ్చే అడ్డు సుమారు 3 మెగా ఓమ్‌లు, కాబట్టి అది కరెంటు దాదాపు తీసుకోకుండానే, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వేలాడుతున్న ఆ వైరు ఎంతలో ఉందో అంతే చదివి చెప్తోంది. పాత ముల్లు మీటర్ కాస్త కరెంటు తాగేది, అందుకే అది ఇంత చూపించేది కాదు. తేల్చుకోవాలంటే ఆ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్, అదే పాత ఫిలమెంట్ బల్బు ఒకటి కలపాలి, ఊరికే వచ్చిన వోల్టేజ్ అయితే సున్నాకి పడిపోతుంది, నిజంగా సప్లై ఉంటే బల్బు వెలుగుతుంది. టెస్టర్ స్క్రూడ్రైవర్ కూడా పనిచేసేది మనిషి ఒంటి కెపాసిటెన్స్ మీదే, చెప్పులేసుకుని చెక్క బల్ల మీద నిలబడ్డా అందులో నియాన్ వెలగడానికి కారణం అదే, ఫేజ్ నుంచి నియాన్, పెద్ద రెసిస్టర్, చెయ్యి, ఒళ్లు, అక్కణ్ణించి గాలి గుండా నేల, మొత్తం ఏడెనిమిది మైక్రో ఆంపియర్లు. కాబట్టి టెస్టర్ సన్నగా వెలిగిందంటే ఫేజ్ ఉన్నట్టు కాదు, వెలగలేదంటే లేనట్టూ కాదు. ప్రాణం మీద పెట్టుకునే నిర్ణయానికి అది సరిపోదు.

ఇంట్లో పది మీటర్ల వైరుకి ఇది మినుకు మాత్రమే, కిలోమీటర్ల కొద్దీ లైన్ అయితే మనిషిని చంపుతుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలు వరసగా పడిపోయాయి, తర్వాత రోజుల తరబడి లైన్‌మెన్ పగలూ రాత్రీ స్తంభాలెక్కారు. అలాంటి పనిలో ఒక లైన్ ఆపి, పక్కన ఇంకో లైన్ ఛార్జ్ చేసి ఉంటే, ఆపిన లైన్ రెండు చివర్లా విప్పేసి ఉన్నా సరే పక్క లైన్‌తో ఉన్న కెపాసిటెన్స్ వల్ల దాని మీద వోల్టేజ్ ఎక్కుతుంది, పొడవు పెరిగేకొద్దీ దాని గుండా పారే కరెంటు కూడా పెరుగుతుంది. లైన్ ఆఫ్ చేశారని ఫోన్‌లో చెప్పినా పని చేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేసి అన్ని ఫేజ్‌లనీ భూమికి కలిపాకే చెయ్యి పెట్టాలన్న నియమం ఇందుకే ఉంది. పొరపాటున వెనక నుంచి సప్లై వస్తే కాపాడడానికీ అదే. ఆ రాడ్లు వెయ్యడానికి పట్టే పది నిమిషాలు వృథా అనుకోవడం ఎంత ప్రమాదమో, ఈ కనపడని కండెన్సర్ లెక్క తెలిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

పొడవాటి వైరుతో ఈ కెపాసిటెన్స్ మొదట భారీగా దెబ్బకొట్టింది సముద్రం అడుగున. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్‌లో మధ్యన రాగి తీగ, చుట్టూ గట్టా పర్చా అనే బంక పొర, బయట ఇనుప తీగల తొడుగు, ఆ చుట్టూ ఉప్పునీళ్లు, అంటే వేల కిలోమీటర్ల పొడవున్న ఒకే ఒక్క కండెన్సర్. ఈ చివర చుక్క పంపితే అది ముందు ఆ కండెన్సర్‌ని నింపాలి, అవతల చివర సాగి సాగి నీరుగారిపోయి వస్తుంది. విక్టోరియా రాణి పంపిన 98 పదాల సందేశం దాటడానికి 16 గంటలు పట్టింది. వేగం పెంచుదామని కేబుల్ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు, కొన్ని వారాల్లోనే కేబుల్ పూర్తిగా చచ్చిపోయింది. తర్వాత కెల్విన్ ప్రభువు అయిన విలియం థామ్సన్ అంతకుముందే చెప్పాడు, ఆలస్యం పొడవుకి వర్గం చొప్పున పెరుగుతుంది, కాబట్టి వోల్టేజ్ పెంచడం కాదు, రాగి లావు చెయ్యాలి, పొర మందం పెంచాలి అని. 1866లో నిలబడిన కేబుల్ ఆ మాట విని వేసినదే. కనపడని భాగానికి లెక్క కట్టకపోతే ఎంత డబ్బు సముద్రం పాలవుతుందో అప్పుడు తెలిసింది.

అదే లెక్క ఇప్పుడు మన కాలేజీల ల్యాబ్‌ల్లో మూడు మీటర్ల కేబుల్ మీద జరుగుతోంది. రాజాంలోనో ఎచ్చెర్లలోనో టెక్కలిలోనో ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ అంటే ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, ఒక సెన్సర్, ఒక ఎల్‌సీడీ, బ్రెడ్‌బోర్డ్, గుప్పెడు జంపర్ వైర్లు. టేబుల్ మీద అంతా బాగుంటుంది, సెన్సర్‌ని డాబా మీద ట్యాంకు దాకా తీసుకెళ్దామని మూడు మీటర్ల వైరు కలపగానే రీడింగ్‌లు చచ్చిపోతాయి, పిల్లలు కోడ్ తిరగరాస్తారు, సెన్సర్ పోయిందని కొత్తది ఆర్డర్ పెడతారు. చాలాసార్లు కోడ్‌లో ఏ తప్పూ ఉండదు. సెన్సర్, బోర్డు మాట్లాడుకోవడానికి తరచుగా వాడే ఐ టూ సీ అనే రెండు వైర్ల పద్ధతిలో లైన్‌ని కిందకి లాగేది చిప్పు, పైకి లేపేది ఒక పుల్ అప్ రెసిస్టర్ మాత్రమే, అంటే వైరు కెపాసిటెన్స్ మొత్తాన్ని నింపాల్సిన భారం ఆ రెసిస్టర్ మీదే. దీనికి పెట్టిన హద్దు 400 పికో ఫారడ్‌లు, మామూలు 100 కిలో హెర్ట్జ్ వేగంలో లైన్ పైకి లేవడానికి గడువు ఒక మైక్రో సెకను. మూడు మీటర్ల కేబుల్ 300, చిప్పుల కాళ్లూ బ్రెడ్‌బోర్డూ కలిపి ఇంకో 30, మొత్తం 330 పికో ఫారడ్‌లు, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో లేవడానికి 1.3 మైక్రో సెకన్లు పడుతుంది, గడువు దాటిపోయింది. అదే రెసిస్టర్ తీసి 2.2 కిలో ఓమ్‌లది పెడితే 0.6 మైక్రో సెకన్లు, గడువులోకి వచ్చేస్తుంది. ఒక్క రూపాయి కూడా ఖరీదు చెయ్యని రెసిస్టర్ మారిస్తే పోయేదానికి ఎన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకుంటారో, లెక్క నేర్పకుండా కిట్ మాత్రం చేతికిస్తే జరిగేది అదే.

ల్యాబ్‌లో ఇంకో మాట తరచుగా వినపడుతుంది, "వేలు పెడితే నడుస్తాది సార్, తీసీగానే ఆగిపోతాది" అని. దాన్ని నవ్వి తీసిపారేస్తారు గానీ అది చాలా విలువైన ఆధారం. వేలంటే సర్క్యూట్‌కి కొన్ని పికో ఫారడ్‌లు కలిపినట్టే, సర్క్యూట్‌కి తాళం వేసే క్లాక్ లైన్ మీద అంచు మరీ పదునుగా ఉండి ఒక పల్స్ రెండుగా లెక్కపడుతుంటే ఆ వేలు అంచుని కాస్త మొద్దు చేసి తప్పుని ఆపేస్తుంది. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ ప్రోబ్ కూడా అంతే, పదింతల సెట్టింగ్‌లో 10 నుంచి 15 పికో ఫారడ్‌లు, ఒకింతలో పెడితే 100 దాకా కలుపుతుంది, అందుకే చూడబోతే తప్పు మాయమైపోతుంది, ప్రోబ్ తీస్తే తిరిగొస్తుంది. వేలు పెడితే నడిచిందంటే, సరిగ్గా ఆ పాయింట్ దగ్గరే వెతకమని సర్క్యూట్ చెప్తోందన్నమాట. గడియారం చిప్పుల్లో వాడే 32.768 కిలో హెర్ట్జ్ క్రిస్టల్ అయితే ఇంకా సున్నితం, 12.5 పికో ఫారడ్‌లకి తయారు చేసిన క్రిస్టల్‌కి ట్రాక్‌ల వల్ల రెండు పికో ఫారడ్‌లు ఎక్కువ పడితే రోజుకి ఒక సెకను దాకా వెనకబడొచ్చు, నెలకి అర నిమిషం.

యాంప్లిఫయర్ కట్టినవాళ్లకి మాత్రం దీనితో అసలైన గొడవ ఉంటుంది, ఎందుకంటే అక్కడ చిన్న కండెన్సర్ చిన్నగా ఉండిపోదు. జాన్ మిల్టన్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1920లో వాల్వుల మీద ఈ లెక్క ప్రచురించారు, ఇన్‌పుట్‌కీ తిరగబడి వచ్చే ఔట్‌పుట్‌కీ మధ్య ఉన్న కెపాసిటెన్స్, ఇన్‌పుట్ వైపు నుంచి చూస్తే గెయిన్‌కి, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ అంకెకి, ఒకటి కలిపినన్ని రెట్లు కనపడుతుందని. మన దగ్గర ఏ షాపులోనైనా దొరికే బీసీ 547 ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య నాలుగు పికో ఫారడ్‌లు అనుకుందాం, గెయిన్ 100 ఉంటే అది 400 పికో ఫారడ్‌లు అయిపోతుంది, 10 కిలో ఓమ్‌ల సోర్స్‌తో 40 కిలో హెర్ట్జ్ దగ్గరే కోతపడుతుంది, అంటే ఆ పైనున్న సిగ్నల్ తగ్గిపోతుంది. పాటకి చాలు, రేడియోకి చాలదు. చిప్పుల లోపల కూడా ఇప్పుడు ట్రాన్సిస్టర్ కన్నా వాటిని కలిపే తీగల మధ్య కెపాసిటెన్సే పెద్ద తలనొప్పి.

పాట మాటొచ్చింది కాబట్టి మైకు వైరు సంగతి. విజయనగరంలో సిరిమాను సంబరాలప్పుడు వీధి వీధికీ మైకు సెట్లు పెడతారు, ఎక్కడో ఒక స్టేజీ మీద మాట మూతపడ్డట్టు, దుప్పటి కప్పి మాట్లాడుతున్నట్టు వస్తుంది, ఆపరేటర్ ట్రెబుల్ తిప్పి తిప్పి విసిగిపోతాడు. 50 కిలో ఓమ్‌ల హై ఇంపీడెన్స్ మైకుకి పది మీటర్ల షీల్డెడ్ కేబుల్ తగిలిస్తే ఒక నానో ఫారడ్ కలిసి సుమారు 3.2 కిలో హెర్ట్జ్ పైనున్నదంతా తగ్గిపోతుంది, మన శ, ష, స ల బలం చాలావరకు ఉండేది ఆ పైనే. హరికథ చెప్పే దాసుగారి నోట పద్యం ఎంత స్పష్టంగా పలికినా వైరు సగం అక్షరాలు మింగేస్తుంది. 600 ఓమ్‌ల మైకు అయితే వంద మీటర్లు లాగినా కోత 26 కిలో హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అది చెవికి అందని చోటు. ట్రెబుల్ తిప్పే బదులు మైకు మార్చడమో, మైకు దగ్గరే చిన్న ప్రీ యాంప్ పెట్టడమో చెయ్యాలి.

ఇక ఫోను. నాసిరకం ఛార్జర్ పెట్టగానే స్క్రీన్ దానంతటదే నొక్కుకుపోవడం, ఒకచోట వేలు పెడితే ఇంకోచోట తగలడం చాలామందికి తెలిసిందే. ఛార్జర్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ చుట్టకీ సెకండరీ చుట్టకీ మధ్య ఉన్న కెపాసిటెన్స్ గుండా స్విచింగ్ నాయిస్, అంటే ఛార్జర్ లోపల వేగంగా ఆన్ ఆఫ్ అవడం వల్ల పుట్టే గోల, ఫోన్ మొత్తాన్ని పైకీ కిందకీ ఊపుతుంది. టచ్ స్క్రీన్ కనిపెట్టాల్సింది వేలు వల్ల వచ్చే ఒక పికో ఫారడ్ కన్నా తక్కువ మార్పుని, ఆ ఊపులో అది దారి తప్పుతుంది. మంచి ఛార్జర్‌లో చుట్టల మధ్య షీల్డ్, అంటే ఆ గోలని అడ్డుకునే లోహపు పొర, వేస్తారు, చవకదాంట్లో అదే ముందు ఎగిరిపోతుంది.

ఇదే కెపాసిటెన్స్‌ని కావాలని కొలిచే చోటు కూడా మన జిల్లాల్లో ఉంది, నవంబర్ డిసెంబర్‌లో ధాన్యం కొనే దగ్గర టేబుల్ మీద పెట్టే తేమ మీటరు. గింజలు పోసే గిన్నెలో రెండు లోహపు పలకలుంటాయి, వాటి మధ్య గింజలే పొర. ఎండిన గింజకి గాలి కన్నా నాలుగైదు రెట్ల లోపే, నీటికి 80 రెట్లు, అందుకే తేమ కాస్త పెరిగినా కెపాసిటెన్స్ బాగా కదులుతుంది, ఆ కదలికని మీటరు శాతంలోకి మార్చి చూపిస్తుంది. మద్దతు ధరకి 17 శాతం హద్దు కాబట్టి ఆ అంకె మీద ఒక కుటుంబం ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. కానీ ఆ మీటరు చూసేది నీటిని కాదు, కెపాసిటెన్స్‌ని. గిన్నెలో గింజలు కుదించి పోస్తే పలకల మధ్య గాలి తగ్గి అంకె పెరుగుతుంది, వదులుగా పోస్తే తగ్గుతుంది, కళ్లంలో ఎండకి కాగిన గింజలు అప్పటికప్పుడు పోస్తే ఒక మాట, నీడలో చల్లారాక ఇంకో మాట, మీటర్లో వరి రకం తప్పు ఎంచుకుంటే మొత్తమే తప్పు. గిన్నె బయటి గోడని ఎర్త్ చేసి షీల్డ్‌లా వాడేది కూడా పట్టుకున్న చెయ్యి కెపాసిటెన్స్ లెక్కలోకి రాకుండా ఉండడానికే, ఆ షీల్డ్ ఊడిన మీటర్ని చెయ్యి మార్చి పట్టుకుంటే చాలు, అంకె మారిపోతుంది. 17.4 అని చూపించగానే బస్తాలు వెనక్కి ఎత్తించే ముందు గింజలు చల్లారనిచ్చి, ఒకే ఎత్తు నుంచి ఒత్తకుండా మూడుసార్లు పోసి సగటు చూడమని అడగాలి, అలా అడగడం రైతు హక్కు.